ఆఫ్ షిఫ్ట్ మనిషి

అండా వచ్చి వరండాలో కూర్చుంది.

ఇద్దరు మనుషులు చెరోపక్కా పట్టుకుంటే గానీ లేవని అల్యూమినియం అండా అది. చర్చి వెనక వంటసామాన్ల గదిలో ఉండవలసింది. ప్రేమరాజు పాలకని సందు చివరికి వెళ్ళి వచ్చేలోపల ఎవరో ఆటోలో తెచ్చి, గుమ్మానికి అడ్డంగా దింపి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. లోపల రెండు పొడుగు గరిటెలూ, తాడుతో కట్టిన క్యారియర్లూ ఉన్నాయి. అడుగున ఎప్పటిదో గంజి ఎండి పెచ్చులు కట్టింది. దాని మీద ఈగలు. ప్రేమరాజు వంగి చూడగానే పులిసిన కంపు గుప్పున ముక్కుకు కొట్టింది. 

కనీసం తోమి తేలేదు. ముందుగా అతనికి రోత పుట్టించింది అదే. ఒకడి నెత్తిన పని రుద్దేవాళ్ళు ఆ పనికి కావలసిన గిన్నైనా కడిగి తెస్తారనుకోవడం అతని వెర్రి.

నిన్న సాయంత్రం చర్చి గంజి పని చూడమని అడిగిన బామ్మర్ది గాడ్విన్‌తో అతనన్నది ఒకే మాట. ఆలోచించి చెబుతానన్నాడు. ఆ మాటకే రాత్రికి రాత్రి కాళ్ళొచ్చి, ఆటో ఎక్కి, తెల్లారేసరికి వరండాలో దిగింది. కాదని చెప్పడానికి నోరు రానివాడు ఆలోచిస్తానంటాడని గాడ్విన్‌కు తెలియదా? వాడు ప్రేమరాజును ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు.

మార్గరెట్ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. అండాను చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇంట్లోకి యాడ నుంచి వస్తావు? దీన్ని ఎక్కి దూకుతావా?" అంది.

ప్రేమరాజు నిజంగానే పక్కగోడ పట్టుకుని, పంచె పైకి ఎత్తుకుని, దాని అంచు దాటుకుని లోపలికి వెళ్ళాడు. తన ఇంట్లోకి తాను దొంగలా దూరాడు. బెంగళూరు బండికి వేళయిందని హడావుడిగా చొక్కా గుండీలు పెట్టుకుంటున్న కొడుకు సెల్విన్ ఆ దృశ్యం చూసి నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు.

"చెయ్యరాదా నాయినా. టైం పాస్ అవుతాది నీకూ," అన్నాడు.

టైం పాస్. ఆ మాట వింటే ప్రేమరాజుకు ఒళ్ళు మండుతుంది. బంగారు గని మూసేసినప్పుడు అతనికి ఇంకా యాభై కూడా నిండలేదు. ఆ తరువాత అరవై దాటేదాకా అతని బతుకు బెంగళూరుకు పనికి పోయి వచ్చే బండిలోనే గడిచింది. చీకట్లో ఎక్కి చీకట్లో దిగడమే. అన్నేళ్ళలో తాము ఉండే చాంపియన్ రీఫ్స్‌లో సాయంత్రపు ఎండ ఏ గోడ మీద పడుతుందో కూడా అతను మరిచిపోయాడు. బండిలో నిలబడి కునికిన ఆ ఏళ్ళన్నిటిలో అతనికి ఉన్న కోరిక ఒకటే. మళ్ళీ పావురాలు పెంచాలి. గనిలో పని ఉన్న రోజుల్లో పెంచినవన్నీ బండి ఎక్కడం మొదలుపెట్టిన ఏడాదే ఇచ్చేశాడు. ఇప్పుడు, పెరట్లో రేకుల కింద మళ్ళీ గూళ్ళు కట్టి, పల్టీలు కొట్టే జాతివి తెచ్చి, ఒక్కొక్కదాన్నీ చేతి మీద మేపి పెద్ద చేశాడు.

నాలుగు దాటాక వాటిని వదులుతాడు. అవి మూతపడిన గని షాఫ్టు మీదుగా, బంగారం తీసేశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బ మీదుగా తిరిగి, ఎత్తుకు పోయి, గిరికీలు కొడుతూ దిగుతాయి. పొద్దుగూకే వేళకు కింద అతను జొన్నల డబ్బా ఆడిస్తూ నిలబడాలి. నిలబడకపోతే ఏ పక్కింటి కప్పు మీదో వాలతాయి, రెండు మూడు సాయంత్రాలు అలా జరిగితే ఆ ఇంటివే అయిపోతాయి. పావురానికి మనిషి మీద ప్రేమ జాస్తి అంటారు గానీ, వేళకు కనబడని మనిషి దానికి అక్కర్లేదు.

గంజి పంచేదీ సరిగ్గా పొద్దుగూకే వేళకే. గొడవంతా అక్కడే ఉంది.

*

గని కూలీల కోసం వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో మంచాన పడిన ముసలివాళ్ళకు చర్చి తరఫున రోజూ సాయంత్రం గంజి వెళుతుంది. రాళ్ళ దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడైన పాత గని మనుషులు వాళ్ళు. మంచి పనే. కాదని ఎవరంటారు? ఇన్నాళ్ళూ వండి, క్యారియర్లలో పోసి, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చిన మోనికమ్మ మోకాళ్ళు అరిగిపోయి కూతురింటికి వెళ్ళిపోయింది. ఇక ఆ పని ఎవరు చేయాలని చర్చి కమిటీ కూర్చుని మాట్లాడింది. అందులో డజను మంది ఉన్నారు. ఆ డజను మందిలో ఒకడైన గాడ్విన్, ఆ గదిలో లేని తన బావ పేరు చెప్పాడు. ఏమిటయ్యా అర్హతంటే, రిటైరై ఊరికే ఉన్నాడట.

ఇది ఈ లైన్లలో ఎప్పటినుంచో ఉన్న జబ్బు. గని నడిచిన రోజుల్లో ఆఫ్ షిఫ్ట్‌లో ఉన్నవాడు ఊరందరి సొత్తు. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నవాణ్ణి పగలు తలుపు కొట్టి లేపేవాళ్ళు. రేషన్ క్యూకు వాడే వెళ్ళాలి, పక్కింటి పిల్లను ఆసుపత్రికి వాడే తీసుకుపోవాలి, ఎవరైనా పోతే శవపెట్టెకు వాడే పరిగెత్తాలి. మిగతావాళ్ళంతా భూమి లోపల ఉన్నప్పుడు భూమి మీదున్నవాడు చేయక మరెవరు చేస్తారు? అప్పుడది న్యాయమే. రేపు వాడు దిగితే వీడు పైనుంటాడు. గని మూతపడింది, షిఫ్టులు పోయాయి, న్యాయం పోయింది, తలుపు కొట్టే అలవాటు మాత్రం అలాగే నిలిచింది. రిటైరైన మనిషి వీళ్ళ లెక్కలో చచ్చేదాకా ఆఫ్ షిఫ్టే.

పదిన్నరకు గాడ్విన్ బైకు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. అండాను చూసి, వచ్చేసిందే అని సంతోషపడ్డాడు. తోమి పంపలేదని మార్గరెట్ అడిగితే, మీరెలాగూ తోముకుంటారు కదక్కా అన్నాడు.

ప్రేమరాజు ఉన్న ధైర్యమంతా కూడదీసుకుని, తనకు తోచిన దారి చెప్పాడు. వారంలో గురువారం తాను చేస్తాడు. వండుతాడు, మోస్తాడు, ఇల్లిల్లూ తిరుగుతాడు. ఆ ఒక్క సాయంత్రం పావురాలను వదలడు. మిగతా ఆరు రోజులకు కమిటీలో ఆరుగురు రోజుకొకరు చేసుకోవచ్చు.

గాడ్విన్ చిన్నపిల్లవాడి మాట విన్నట్టు నవ్వాడు.

"కమిటీ ఉండేది నిర్ణయం చేసేదానికి బావా. గంజి కాచేదానికి కాదు," అన్నాడు.

"మీరు నిర్ణయం చేస్తే నేను కాచాల్నా?"

"నీకేముండాది చెప్పు పని? సుమ్నే, ఊరికే కూర్చుని ఆకాశం చూస్తాంటావు. దానికి బదులు నాలుగు ప్రాణాలకు గంజి పోస్తే పుణ్యం."

ప్రేమరాజు వాడి మొహంలోకి చూశాడు. వాడి కొత్త కారును గుర్తు చేసుకున్నాడు. ఆ కారులో క్యారియర్లు పెట్టుకుని తిరిగితే లైన్లన్నీ తిరిగి రావడానికి ఎంతసేపు? ఆ మాట వాడికి తట్టదు. సీట్లకు గంజి మరకలవుతాయి కదా. నిరుడు క్రిస్మస్‌కు గంజి పంపకం ఫోటోలో ముందు నిలబడి క్యారియర్ పట్టుకున్నవాడు వీడే. ఫోటో అయ్యాక దాన్ని మోనికమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయిన సంగతి ఫోటోలో పడలేదు. ఛీ, వీడితో మాటలేమిటి అనిపించింది. అనిపించింది గానీ పెదవి దాటి రాలేదు. చూద్దాంలే అని గొణిగాడు.

ఆ గొణుగుడు వినగానే గాడ్విన్ బైకు ఎక్కాడు. రేపు ఆరాధనలో ప్రకటన ఉంటుందనీ, తెల్ల చొక్కా వేసుకుని రమ్మనీ చెప్పి పోయాడు.

*

ప్రకటన అంటే ఏమిటో ఆ చర్చిలో అందరికీ తెలుసు. ఆదివారం పాస్టరు గారు ఒకరి పేరు చెప్పి, ఫలానా సేవకు వీరిని ఏర్పాటు చేశామంటారు. సంఘం ఏమంటుంది, అని అడుగుతారు. అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అంటారు. అంతే, కట్టు పడిపోయింది. ఆమెన్ అయ్యాక కాదన్నవాడు మనుషులకు కాదు, దేవుడికే అడ్డం చెప్పినట్టు. ఆ చర్చి పుట్టాక అలా చెప్పినవాడు లేడు. ఒకాయన పేరు చదివేటప్పుడు మూత్రానికని బయటికి వెళ్ళి, తిరిగి వచ్చేసరికి సమాధుల తోటకు పెద్ద అయిపోయి ఉన్నాడు. తానే ఆ తోటలోకి వెళ్ళేదాకా ఆ పని వదల్లేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ప్రేమరాజు ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. మార్గరెట్ అతని కంచంలో చారు పోసింది. ఆమె పోయిన నెలే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా పని నుంచి రిటైరైంది. ఇతరుల బెడ్‌పాన్‌లు ఎత్తి ఎత్తి, ఇంగ సాలు అని ఒక దండం పెట్టి వచ్చేసింది. మాటలు తక్కువ. ఆడిన మాట సూటిగా ఉంటుంది.

"ఆమెన్ కంటే ముందే లేచి చెప్పేసెయ్," అంది చివరికి. "చెయ్యను అని చెప్పు. అంతే."

"ఎందుకు అని అడుగుతారే."

"అడగనీ. నువ్వు కారణం చెప్పొద్దు. కారణం చెప్తే దానికొక దారి చూపిస్తారు. కాలు నొప్పి అంటే ఆటో పెడతామంటారు. పావురాలు అంటే నవ్వుతారు. చెయ్యను అంటే ఏం చేస్తారు?"

ప్రేమరాజు ఆ మాటను రెండుసార్లు నోట్లో అనుకుని చూశాడు. చెయ్యను. బాగానే ఉంది. 

మార్గరెట్ కంచాలు తీస్తూ, తన సంగతి ఒకటి అడిగింది. ఆమె రిటైరైనప్పటి నుంచి రాబర్ట్‌సన్‌పేటలో కిరాణా అంగడి నడిపే స్నేహితురాలు కామాక్షమ్మ దగ్గర స్కూటర్ నేర్చుకుంటోంది. రోజూ సాయంత్రం షాఫ్టు ముందరి బయల్లో. ఎన్నడో ఒకనాడు ముళబాగిలు ఊరి దాకా తనంతట తాను నడుపుకుంటూ పోయి రావాలని ఆమె కోరిక. అక్కడ ఏం పనంటే ఏమీ లేదు. పోయి, ఒక కాఫీ తాగి, తిరిగి రావడమే. ఈరోజు అంగట్లో సరుకు దిగుతోందని కామాక్షమ్మ రాలేనంది. స్కూటర్ ఇస్తానంది. వెనకాల పట్టుకోవడానికి కాసేపు రమ్మని మొగుణ్ణి అడిగింది.

"ఈ వయసులో స్కూటరేంది మే నీకు," అన్నాడు ప్రేమరాజు. ఆ తరువాత ఉత్సాహం వచ్చింది. "నేను రాను. పావురాల వేళ." చెప్పి, తనకే ముచ్చటేసి నవ్వాడు. "చూస్తివా, చెప్పేసినాను. కారణం కూడా లేకుండా చెప్పేదానికి పోయి కారణం చెప్పేసినాను. రేపటికి సరిపోతాది."

మార్గరెట్ నవ్వలేదు. హెల్మెట్ తీసుకుని, అండా అంచు దాటుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం పావురాలు ఎన్నడూ లేనంత ఎత్తుకు పోయాయి. ప్రేమరాజు మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. వాటిలో ఒక గోధుమరంగుది మొదటిసారి వరసగా పల్టీలు కొట్టుకుంటూ దిగితే, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని చప్పట్లు కొట్టాడు. ఇందుకోసం కదా తాను అన్నేళ్ళు బండిలో నిలబడింది అనుకున్నాడు. ఎవడో సెంటు పూసుకున్నవాడు వచ్చి ఈ సాయంత్రాన్ని ఎత్తుకుపోతానంటే పోనిస్తానా అని కూడా అనుకున్నాడు.

మార్గరెట్ తిరిగి వచ్చేసరికి ఆమె మోచేయి చెక్కుకుపోయి ఉంది. పడ్డావా అంటే పడినాను అంది. ఆసుపత్రిలో ఇతరులకు చేసినట్టే నీళ్ళతో కడుక్కుని, మందు తానే పూసుకుంది. ప్రేమరాజు ఏదో అనాలనుకున్నాడు. ఇంతలో వీధిలో కారు ఆగిన చప్పుడయింది.

*

పాస్టరు గారూ, గాడ్విన్ వచ్చారు.

పాస్టరు గారు వయసులో చిన్నవాడు, మాట మెత్తన. అండా చూసి దేవునికి స్తోత్రం అన్నాడు. కుర్చీలో కూర్చుని ముసలివాళ్ళ కష్టాలు ఒక్కొక్కటే చెప్పాడు. ఎవరికి దగ్గు ఎక్కువైంది, ఎవరు మంచంలోనే అన్నీ చేసుకుంటున్నారు. ప్రేమరాజుకు ఆ పేర్లన్నీ తెలుసు. వాళ్ళలో ఇద్దరు తనతో కలిసి గనిలో దిగినవాళ్ళే. మనసు కలుక్కుమంది. అందుకే గురువారం మాట మళ్ళీ చెప్పబోయాడు.

"ప్రార్థన చేసుకుందామా అన్నా," అన్నాడు పాస్టరు గారు.

ప్రార్థనకు కాదని ఎలా అంటాడు? కళ్ళు మూసుకున్నాడు. మార్గరెట్ కొంగు తల మీదికి లాక్కుంది.

"ప్రభువా, ఈ గృహమును బట్టి నీకు స్తోత్రములు. నీ దాసుడు ప్రేమరాజు గారిని ఈ గంజి సేవకు ఏర్పరచుకున్నందుకు స్తోత్రములు. ఆయన తన విశ్రాంతి కాలమంతటినీ నీ పాదముల చెంత పెట్టినందుకు స్తోత్రములు."

ప్రేమరాజుకు ఒళ్ళంతా కంపరమెత్తింది. పెట్టలేదయ్యా, నేనెప్పుడు పెట్టాను అని అరవాలనిపించింది. ప్రార్థన మధ్యలో ఎవరైనా అరుస్తారా? మనిషి నోరు మూయించడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. కళ్ళు మూయించి, చేతులు కట్టించి, దేవుడికి చెబుతున్నట్టు వీడికి చెప్పడం. కళ్ళు తెరిచి చూశాడు. ఎదురుగా గాడ్విన్ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. వాడు చేతి గడియారం చూసుకుంటున్నాడు.

దేవుడి పేరు పెట్టి ఇంత అసహ్యంగా పని చేయించుకుంటారా. గంజి అడుగున పట్టిన పెచ్చు కంపే ఇప్పుడు ఈ మాటల్లోనూ కొట్టింది అతనికి.

ప్రార్థన అయింది. గాడ్విన్ ఆమెన్ అన్నాడు. మార్గరెట్ మెల్లగా అంది. ప్రేమరాజు అనలేదు. పాస్టరు గారు ఒక క్షణం ఆగి, అతని వైపు చూసి, ఏమీ ఎరగనట్టు లేచాడు. కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు. వాళ్ళు వెళ్ళాక మార్గరెట్ కుర్చీలు లోపల పెట్టింది.

"రేపు చెప్తాను," అన్నాడు ప్రేమరాజు.

"చెప్పు," అంది మార్గరెట్.

*

చర్చిలో ఎడమపక్క మగవాళ్ళు, కుడిపక్క ఆడవాళ్ళు. మధ్యలో నడిచే దారి. ప్రేమరాజు తెల్ల చొక్కా వేసుకోలేదు. కావాలనే గళ్ళ చొక్కా వేసుకుని నాలుగో బెంచీలో కూర్చున్నాడు. దారికి అవతల, కాస్త వెనకగా మార్గరెట్ కూర్చుంది. మోచేతి గాయం కనబడకుండా చీర చెంగు కప్పుకుంది.

పెళ్ళి ప్రకటనలు అయ్యాయి. ఎవరో మనవడు పుట్టాడని ఇచ్చిన కానుక చదివారు. తరువాత పాస్టరు గారు కాగితం పక్కన పెట్టి, మొహం నిండా నవ్వు పులుముకుని, గంజి సేవ గురించి మొదలుపెట్టాడు. మోనికమ్మకు కృతజ్ఞతలు చెప్పాడు. దేవుడు మరొక దాసుణ్ణి లేపాడన్నాడు.

"సహోదరుడు ప్రేమరాజు గారు ఈ సేవను..."

ప్రేమరాజు లేచి నిలబడ్డాడు. ఎలా లేచాడో అతనికే తెలియదు.

"అయ్యగారూ, నేను చెయ్యను," అన్నాడు.

చర్చిలో ఎక్కడో ఒక చంటిబిడ్డ ఏడుస్తూ ఏడుస్తూ ఆగింది. ముందు బెంచీల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. పాస్టరు గారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది. అన్నగారికి ఏమైనా ఇబ్బందా అని అడిగాడు.

"ఇబ్బంది ఏమీ లేదు. చెయ్యను."

కమిటీ బెంచీ మీద నుంచి గాడ్విన్ అందుకున్నాడు. అందరికీ వినబడేలా, నవ్వుతూ, మా బావకు పావురాలు ఉండాయి అయ్యగారూ, అందుకని, అన్నాడు. మగవాళ్ళ వైపు కొందరు కిసుక్కుమన్నారు. ఆడవాళ్ళ వైపు చెంగులు నోటికి అడ్డం వెళ్ళాయి. ప్రేమరాజుకు చెవులు కాలాయి. ఒకప్పుడైతే ఆ నవ్వులకే కుంగి కూర్చుండిపోయేవాడు.

"ఔ. పావురాలు ఉండాయి," అన్నాడు. "నా సాయంత్రాలు వాటికే. బెంగళూరు బండి ఎక్కినన్నాళ్ళూ ఒక్క సాయంత్రం నాది కాదు. ఇప్పుడు నాది. వారంలో ఒక దినం గంజి నేను కాస్తానని చెప్పినాను. తక్కిన దినాలకు కమిటీలో మనుషులు లేరా? ముసలోళ్ళ మీద అంత ప్రేమ ఉండేవాళ్ళకు అండా కడిగేదానికి చేతులు లేవా? నా ఇంటి ముందర పారేసి పోయినారు, ఈగలతో."

నవ్వులు ఆగిపోయాయి. గాడ్విన్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. కమిటీ బెంచీలో ఎవరి బైబిలును వాళ్ళు తెరిచి ఏదో వెతుక్కుంటున్నారు. ఒక ముసలాయన మాత్రం గట్టిగా, నిజమేలే, అన్నాడు.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నాడు. బలవంతపు సేవ దేవునికి అక్కర్లేదు, కూర్చోండన్నా, అన్నాడు.

ప్రేమరాజు కూర్చున్నాడు.  లోపల పండగలా ఉంది. చెప్పేశాడు. ఇంతమందిలో, ఆమెన్ కంటే ముందే, ఈ చర్చిలో ఎవడూ చెప్పని మాట చెప్పేశాడు. ఆకాశం ఊడిపడలేదు. సాయంత్రం గోధుమరంగుదాన్ని ముందు వదలాలి, దానికి నిన్న రెక్క బలం వచ్చింది, జొన్నల్లో కాస్త పెసలు కలిపితే ఇంకా బాగుంటుంది. పాస్టరు గారు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆ మాటలు వర్షం చప్పుడులా దూరంగా వినిపిస్తున్నాయి. దేవుడు ఆ ఇంటినే ఏర్పరచుకున్నాడట. సహోదరి మార్గరెట్ గారు పోయిన నెలే ఆసుపత్రి పని నుంచి విశ్రాంతి పొందారట. రోగుల సేవ వారికి కొత్త కాదట. అండా కూడా వారి ఇంట్లోనే ఉన్నదట.

"సంఘం ఏమంటుంది?"

"ఆమెన్," అంది సంఘం.

గండం గడిచిన సంతోషంతో అందరూ గట్టిగా అన్నారు. అందరికంటే తేలిగ్గా, గొంతులో ఏ అడ్డూ లేకుండా అన్నవాడు ప్రేమరాజు. తొట్టెలో ఉన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నకు ఆ జవాబు చెప్పిన నోరు అది. నోరు మూసుకున్నాక గానీ, తానేమన్నాడో, దేనికన్నాడో అతని చెవికి చేరలేదు. పక్కన కూర్చున్నాయన అతని తొడ మీద తట్టి, మంచి మనసప్పా నీది, అన్నాడు.

దారికి అవతల మార్గరెట్ లేచి నిలబడింది.

"అయ్యగారూ, నన్ను ఎవురూ అడగలేదే," అంది.

పాస్టరు గారు ఈసారి తడబడలేదు. ఆమెన్ అయిపోయింది కదమ్మా, అన్నాడు. మీ ఇంటాయన కూడా నోరారా అన్నారు, నేను చూశాను, అన్నాడు.

మార్గరెట్ మగవాళ్ళ వైపు తిరిగింది. అంతమందిలోనూ ఆమె చూపు తిన్నగా నాలుగో బెంచీకి వచ్చింది.

"అన్నావా?"

చర్చి మొత్తం ప్రేమరాజునే చూస్తోంది. అనలేదని అంటే చాలు, ఆ కట్టు తెగేది. పక్కాయన విన్నాడు, వెనకాయన విన్నాడు. అయినా అనవచ్చు. లేదంటే లేచి, పొరపాటున అన్నాను, ఆమె బదులు నేనే చేస్తానని కూడా అనవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే పల్టీలు కొడుతూ దిగే గోధుమరంగు పావురం వచ్చింది, ఎర్రటి సాయంత్రం వచ్చింది. మాట అక్కడే నిలిచిపోయింది. గాడ్విన్ మీద, కమిటీ మీద నిన్నటి నుంచీ తనకు పుట్టిన రోతంతా ఇప్పుడు ఎక్కడికి తిరుగుతోందో అతనికి తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట బయటికి రాలేదు.

"అన్నాను," అన్నాడు.

పాస్టరు గారు మంచిదంటూ పాట నంబరు చెప్పాడు. పాట మొదలైంది. మార్గరెట్ కూర్చోలేదు. పాట అయింది. వాక్యం చదివారు. ఆమె కూర్చోలేదు. ప్రసంగమంతా, కానుకల సంచీ ఇటునుంచి అటు వెళ్ళేంతసేపూ నిలబడే ఉంది. వెనక బెంచీలో ఆవిడ చెంగు పట్టి లాగింది. పక్కావిడ కూర్చోమని చెవిలో చెప్పింది. ఎవరి మాటా వినబడనట్టు, మొగుడి మీది నుంచి చూపు తిప్పకుండా నిలబడింది. చెంగు జారి మోచేతి గాయం బయటపడింది. సర్దుకోలేదు. పాస్టరు గారు ప్రసంగంలో రెండుచోట్ల మాట మరిచిపోయాడు. ప్రేమరాజు తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

చివరి ఆశీర్వాదానికి సంఘమంతా లేచింది. అప్పుడు మార్గరెట్ కూర్చుంది.

ఆశీర్వాదం అయింది, ఆమెన్ అయింది, జనం బయటికి కదిలారు. పోతూ పోతూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆమె భుజం తట్టి మంచి సేవ దొరికిందన్నారు.  గాడ్విన్ అటు రాబోయి, అక్క మొహం చూసి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. బెంచీలు ఖాళీ అయ్యాయి. ప్రేమరాజు మధ్య దారి దాటి, ఎన్నడూ అడుగుపెట్టని ఆడవాళ్ళ వైపుకు వచ్చి నిలబడ్డాడు.

అలవాటుగా నోట్లోంచి వచ్చేసిందని చెప్పబోయాడు. 

"లే మార్గరెట్టూ. ఇంటికి పోదాము," అన్నాడు.

"నేను రాను," అంది మార్గరెట్.